కామిక్స్ బొమ్మలు, వీడియో గేములు: ఈ వృత్తి గురించి తెలుసుకోండి



పిల్లవాడు నోటుబుక్కు చివరి పేజీల్లో బొమ్మలు గీస్తుంటే, ఫోన్లో గేములు ఆడుతుంటే మనం కోప్పడతాం. ఆడటం వేరు, తయారుచేయడం వేరు. తయారుచేసేవాళ్ళకు అది ఒక వృత్తి. ఆ దారి ఎలా ఉంటుందో కొంచెం చూద్దాం.

ముందు మన తెలుగువారి ఉదాహరణ. బాపు గారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. మద్రాసులో లా చదివి 1955లో పట్టా తీసుకున్నారు. కానీ ఎంచుకున్నది బొమ్మలనే. ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు. ముళ్ళపూడి వెంకటరమణ గారు రాసిన బుడుగుకు రూపం ఇచ్చింది ఆయనే. 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకుడయ్యారు. షూటింగుకు ముందే ప్రతి సీనునూ కామిక్ లాగా గళ్ళలో గీసుకునేవారు. దీన్నే స్టోరీబోర్డు అంటారు. ఈరోజు గేములు తయారుచేసేవాళ్ళు కూడా ఈ పద్ధతి వాడతారు. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు. ఆయన చేతిరాత ఇప్పుడు కంప్యూటరులో ఫాంటుగా ఉంది.

ఇక జపాను దేశపు షిగేరు మియామోటో. చిన్నప్పుడు ఆయన కోరిక కామిక్స్ గీయాలని. డిజైన్ చదివి 1977లో నింటెండో కంపెనీలో చేరారు. 1981లో వచ్చిన 'డాంకీ కాంగ్' గేములోని మారియో బొమ్మ ఆయన సృష్టి. అప్పటి తెర మీద చాలా కొద్ది చుక్కలతోనే మనిషిని చూపించాలి. నోరు, జుట్టు గీయడం కష్టం కాబట్టి మీసం, టోపీ పెట్టారు. ఇబ్బందిలోంచే ఆ రూపం వచ్చిందన్నమాట.

కంపెనీ లేకుండా సొంతంగా గేము చేసేవాళ్ళను ఇండిపెండెంట్ డెవలపర్లు అంటారు. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే ఆయన కంప్యూటర్ సైన్సు చదివి, సుమారు నాలుగున్నర ఏళ్ళు కష్టపడి 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే వ్యవసాయం గేము తయారుచేశారు. బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాం అన్నీ ఒక్కరే. 2016లో అది విడుదలైంది. అన్నాళ్ళూ గేము మీద రూపాయి రాబడి లేదు. ఒక థియేటరులో పార్ట్ టైం పని చేస్తూ గడిపారు. తల్లిదండ్రులు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అందరికీ ఇంత విజయం దక్కదు. కాబట్టి చేతిలో ఒక చదువు ఉండాల్సిందే.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మకు చేతులు, కాళ్ళు విడివిడిగా కత్తిరించి, కీళ్ళ దగ్గర దారంతో కలిపి ఆడిస్తారు. కంప్యూటరులో గేము బొమ్మను కదిలించే ఒక పద్ధతి కూడా సరిగ్గా ఇలాంటిదే.

మరి మన పిల్లలు ఏం చేయాలి?

1. రోజూ అరగంట గీయండి. ఆవును, బావిని, బస్టాండును, చూసినదాన్ని చూసినట్టు గీయండి.
2. మీ అవ్వ చెప్పిన ఒక కథను ఆరు గళ్ళలో కామిక్‌గా వేయండి. మాటలు తెలుగులోనే రాయండి.
3. లెక్కలు వదలకండి. బొమ్మ ఎగిరి దూకాలన్నా లెక్క కావాలి.
4. కంప్యూటరు దొరికితే బొమ్మలకు క్రిటా, చిన్న గేములకు స్క్రాచ్, తర్వాత గోడో నేర్చుకోండి. మూడూ ఉచితమే.
5. పీయూసీ తర్వాత బి.ఎఫ్.ఎ., బి.డిజైన్ కోర్సులున్నాయి. బెంగళూరు చిత్రకళా పరిషత్తు, మైసూరు కావా కాలేజీ పేరున్నవి. ప్రోగ్రామింగ్ మీద ఇష్టముంటే పీయూసీలో సైన్సు, కంప్యూటర్ సైన్సు తీసుకోవచ్చు.

కర్ణాటక ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగానికి 2012లోనే ప్రత్యేక విధానం తెచ్చింది. ఆ పనులు మన బెంగళూరులోనే ఉన్నాయి.

తల్లిదండ్రులారా, ఆ నోటుబుక్కును చించేముందు ఒకసారి తిరగేసి చూడండి. గేము ఆడే టైముకు మాత్రం హద్దు పెట్టండి. ఎస్సెస్సెల్సీ తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలో తెలియకపోతే, పిల్లవాడిని, వాడు గీసిన బొమ్మలను వెంటబెట్టుకుని బడికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

ప్రధానోపాధ్యాయులు, నాగలమడిక