‘జ్వరం’ అనే పద్దు వెనుక: 1918 ఇన్‌ఫ్లుయెంజా, కడప జిల్లా పడమటి తాలూకాలు

ఉపోద్ఘాతం

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను మృతుల సంఖ్యతో కొలవడం పరిపాటి. ఆ మరణాలు ఏ పేరుతో నమోదయ్యాయన్నది అంతకు ముందే అడగవలసిన ప్రశ్న. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం దానిని పరిశీలిస్తుంది.

వ్యాధి వచ్చిన దారి

1918 జూన్‌లో బొంబాయిలో కనిపించిన వ్యాధి, సెప్టెంబరు నుంచి రెండో విడతలో ఉగ్రరూపం దాల్చింది. బొంబాయి–మద్రాసు రైలుమార్గం ముద్దనూరు, ఎర్రగుంట్లల మీదుగా కడపకు చేరుతుంది. పై మూడు పట్టణాలకు నాడు రైలు లేదు. ప్రయాణికులు స్టేషన్లలో దిగి బండిబాట పట్టవలసిందే. వ్యాధి కూడా ఈ దారినే లోపలి గ్రామాలకు చేరి ఉంటుందని భావించవచ్చు. ఆ ఏడాదే దేశంలో నైరుతి రుతుపవనాలు విఫలమై తిండిగింజల ధరలు పెరిగాయి. జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యశాల ఉన్నా, చుట్టుపక్కల పల్లెల్లో అధికసంఖ్యాకులకు ఇల్లే ఆసుపత్రి.

పద్దు చెప్పనిది

మద్రాసు రాజధానిలో గ్రామాలలోని జనన మరణాలను గ్రామాధికారులే నమోదు చేసేవారు. వైద్యుడు చూడని మరణాలలో అనేకం ‘జ్వరాలు’ అనే పద్దులో చేరాయి. భారత ప్రభుత్వ పారిశుధ్య కమిషనర్ నార్మన్ వైట్ 1919లో దేశవ్యాప్త మృతులను సుమారు 60 లక్షలుగా అంచనా వేయగా, 1986లో ఐ. డి. మిల్స్ ఆ సంఖ్యను 1.7 కోట్లకు పైగా లెక్కగట్టారు. ఈ వ్యత్యాసానికి నమోదు లోపమూ ఒక కారణం.

ఆ మరణాలు కేవలం జ్వరం వల్ల సంభవించినవి కావు. వైరస్ వల్ల, దాని వెంట వచ్చిన బాక్టీరియా న్యుమోనియా వల్ల వాయుకోశాలు ద్రవంతో నిండి, రక్తానికి ప్రాణవాయువు అందలేదు. రోగుల ముఖాలు నీలివర్ణానికి మారడాన్ని నాటి వైద్యులు పలు దేశాలలో నమోదు చేశారు. ప్రాణవాయువు తగ్గినచోట ఊపిరితిత్తుల రక్తనాళాలు ముడుచుకుంటాయని 1946లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ నిరూపించారు. ఈ సంకోచం విస్తరిస్తే పుపుస ధమనిలో ఒత్తిడి పెరిగి, గుండె కుడి జఠరికపై భారం పడుతుంది. అది అలసిపోతే రక్తప్రసరణ కుంటుపడుతుంది.

కోవిడ్ అందించిన సాక్ష్యం

కోవిడ్ మృతుల ఊపిరితిత్తులను ఇన్‌ఫ్లుయెంజా మృతుల ఊపిరితిత్తులతో పోల్చిన 2020 నాటి ఒక అధ్యయనంలో, కేశనాళికలలోని సూక్ష్మ రక్తపుగడ్డలు కోవిడ్‌లో 9 రెట్లు ఎక్కువగా కనిపించాయి. రెండు వ్యాధుల తీరు ఒకటి కాదు; అయినా శ్వాసకోశ వ్యాధి రక్తప్రసరణను ఎంతగా దెబ్బతీయగలదో ఈ పోలిక స్పష్టం చేస్తుంది.

ముగింపు

కాబట్టి ఈ తాలూకాల మరణ రికార్డులను చదివే పరిశోధకుడు ‘జ్వరం’ అన్న మాటను వ్యాధి నిర్ధారణగా గాక, వైద్యుడు లేని ఊరి సాక్ష్యంగా స్వీకరించాలి. 1918 చివరి నెలల జ్వర మరణాలను అంతకు ముందరి సంవత్సరాల అవే నెలలతో పోల్చితే, పద్దు దాచిన నష్టం కొంతైనా బయటపడుతుంది. మరణ కారణాన్ని సరిగా రాయడం నేటికీ వైద్యవిధి మాత్రమే కాదు, చరిత్ర పట్ల బాధ్యత కూడా.