ఏనుగు పెట్టెలో పడని రెండో ఓటు: ఫెడరేషన్ నుంచి రిపబ్లికన్ పార్టీ దాకా

అంబేద్కర్ అంతటివారు ఎన్నికల్లో ఎందుకు ఓడిపోయారు? మేం ఎక్కడ క్లాసు పెట్టినా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. జవాబులు కూడా తయారుగానే ఉంటాయి. దళితులే ఆయన్ని తమ నాయకుడిగా ఒప్పుకోలేదని కాంగ్రెస్ వాళ్లు అప్పటి నుంచీ చెప్తూ వచ్చారు. కులాన్నే పట్టుకుని వర్గాన్ని వదిలేశారు కాబట్టి ఓడిపోయారని ఎర్రజెండా మిత్రులు అంటారు. మనవాళ్లేమో "మనలో ఐక్యత ఏదీ?" అని నిట్టూర్చి ఊరుకుంటారు. ఈ మూడు జవాబులూ ఓటు వేసిన దళితుడి వైపే చూస్తాయి గాని, ఓటు వేయని సవర్ణుడి వైపు చూడవు. నియోజకవర్గాన్ని ఎవరు గీశారు, ఎట్లా గీశారు, జనాభా లెక్కల్లో దళితుణ్ణి ఏ పేరుతో రాసుకున్నారు అనేది అసలే పట్టించుకోవు. షెడ్యూల్డు కులాల ఫెడరేషన్, దాని వారసురాలైన రిపబ్లికన్ పార్టీ - ఈ రెండింటి ఎన్నికల చరిత్రను అటువైపు నుంచి చదవాలని మా ప్రయత్నం.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు దళితులకు రెండు ఓట్లు ఇచ్చింది. తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవడానికి ఒకటి, అందరితో కలిసి వేయడానికి ఇంకోటి. ఎరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్ష, సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక - ఇవి మనకు తెలిసినవే. సీట్లు పెరిగిన మాట నిజం. రాష్ట్ర శాసనసభల్లో 148 వచ్చాయి. కాని ఎన్నుకునే పద్ధతి మారిపోయింది. మొదట దళిత ఓటర్లు మాత్రమే నలుగురిని ఎంపిక చెయ్యాలి, ఆ నలుగురిలో ఒకర్ని సవర్ణులూ దళితులూ కలిసి ఎన్నుకోవాలి. రెండో మెట్టు మీద ఎవరి సంఖ్య ఎక్కువో చెప్పనక్కర్లేదు. దళితులు ముందు నిలబెట్టిన మనిషిని వదిలేసి, నాలుగో స్థానంలో ఉన్నవాణ్ణి గెలిపించే అధికారం ఊరి పెద్దల చేతికి వచ్చింది.

1942 జులైలో నాగపూర్‌లో పుట్టిన ఫెడరేషన్‌కు 1946 ఎన్నికలే మొదటి పెద్ద పరీక్ష. దేశం మొత్తం మీద 151 రిజర్వుడు స్థానాలుంటే రెండే వచ్చాయి. దీన్ని చూపించే కదా, దళితులంతా కాంగ్రెస్ వెనకే ఉన్నారని కేబినెట్ మిషన్‌ను నమ్మించారు! మొదటి మెట్టు ఎన్నిక జరిగిన చోట్ల దళితుల మొగ్గు ఎటుందో చూడమని అంబేద్కర్ మొత్తుకున్నారు. ఎవరూ వినిపించుకోలేదు. పైగా అప్పటికి ఓటుహక్కు ఆస్తికీ చదువుకూ ముడిపడి ఉంది. పాలేరుకు ఓటే లేదు.

ఆ రెండు సీట్లలో ఒకటి బెంగాల్‌లో జోగేంద్రనాథ్ మండల్‌ది. బొంబాయి నుంచి రాజ్యాంగ సభకు పోయే దారి మూసుకుపోయినప్పుడు, మండల్ పూనుకోబట్టి అంబేద్కర్ బెంగాల్ నుంచి వెళ్లగలిగారు. ఏడాది తిరిగేసరికి దేశం చీలింది, బెంగాల్ విభజనతో ఆ సభ్యత్వం పోయింది. 1947 జులైలో కాంగ్రెస్ మద్దతుతో మళ్లీ బొంబాయి నుంచి రావాల్సొచ్చింది. తూర్పు బెంగాల్ జిల్లాల్లో గుంపుగా, బలంగా బతికిన నామశూద్రులు ఆ తర్వాత శరణార్థులై చెల్లాచెదురయ్యారు. మండల్ పాకిస్తాన్‌కు మొదటి న్యాయశాఖ మంత్రి అయి, 1950లో రాజీనామా చేసి ఇటు వచ్చేశారు. ఒక్క సరిహద్దు గీతతో ఫెడరేషన్‌కు బెంగాల్ లేకుండా పోయింది.

ఇక 1951-52. వయోజనులందరికీ ఓటు వచ్చింది. ఓటర్ల జాబితా సుమారు 17 కోట్ల 30 లక్షలకు పెరిగింది. కూలీనాలీ జనం మొట్టమొదటిసారి పెట్టె దగ్గరికి వచ్చారు. దేశ జనాభాలో దళితులు సుమారు ఏడో వంతు. అయితే ఆ ఏడో వంతు అంతా ఒక్కచోట లేదు. ప్రతి ఊళ్లోనూ ఉంది, ప్రతి ఊరికీ అవతలే ఉంది. ఎక్కడా తమంతట తాము గెలిచేంత మందిలేరు, ఎక్కడా లెక్కలోంచి తీసేసేంత తక్కువా లేరు.

ఆ రోజుల్లో చాలా రిజర్వుడు స్థానాలు ద్విసభ్య నియోజకవర్గాల్లో ఉండేవి. లోక్‌సభకు 86 ఉన్నాయి. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు - ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ఓటరుకు రెండు చీటీలు ఇచ్చేవాళ్లు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. రెండు చీటీలూ వేర్వేరు పెట్టెల్లో వెయ్యాలి, ఒకే పెట్టెలో వేస్తే ఒకటి చెల్లదు. ఫెడరేషన్ గుర్తు ఏనుగు. ఇట్లాంటి చోట గెలవాలంటే జతగాడు కావాలి. మా రెండో ఓటు మీ మనిషికి, మీ రెండో ఓటు మా మనిషికి అనే ఒప్పందం కుదరాలి. ఫెడరేషన్ చరిత్ర మొత్తం ఈ రెండో ఓటు చుట్టూనే తిరిగిందని మా అభిప్రాయం.

ఉత్తర బొంబాయిలో అంబేద్కర్‌కు జతగా సోషలిస్టు పార్టీ అశోక్ మెహతా నిలబడ్డారు. రిజర్వుడు స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి కజ్రోల్కర్ గెలిచారు. తేడా సుమారు 14,500. చెల్లకుండా పోయిన ఓట్లు సుమారు 74 వేలు! రెండో ఓటును పాడుచెయ్యమని కమ్యూనిస్టులు ప్రచారం చేశారంటూ అంబేద్కర్, మెహతా ఎన్నికల పిటిషన్ వేశారు, అది కొట్టుడుపోయింది. చట్టం సంగతి అట్లా ఉంచుదాం. రాజ్యాంగం రాసిన మనిషికి రెండో ఓటు వెయ్యడానికి చెయ్యి రాని ఓటర్లు ఆ నగరంలో అన్ని వేలమంది ఉన్నారని మాత్రం ఆ లెక్కే చెబుతోంది.

1954లో భండారా ఉప ఎన్నికల్లో అదే జత, అదే ప్రయోగం. మెహతా జనరల్ స్థానంలో గెలిచారు. అంబేద్కర్ రిజర్వుడు స్థానంలో సుమారు 8 వేల ఓట్లతో ఓడిపోయారు. రెండో ఓటు వేయకుండా పాడుచేస్తే అంబేద్కర్‌కు లాభం కదా అని కార్యకర్తలు అడిగితే ఆయన ఒప్పుకోలేదు. తాను పాల్గొని రాసిన రాజ్యాంగం ఇచ్చిన ఓటును పారేయమని తానెట్లా చెప్తారు? దళితుల రెండో ఓటు నిజాయితీగా మెహతా పెట్టెలో పడింది. అటు నుంచి రావాల్సిన ఓటు రాలేదు. ఐక్యత లేదని మనల్ని మనమే తిట్టుకునే వాళ్లు భండారా లెక్క ఒక్కసారి ముందేసుకుని చూడాలి.

మరి 1952లో ఫెడరేషన్ గెలిచిన ఆ రెండు లోక్‌సభ స్థానాలు ఏవి? ఒకటి షోలాపూర్ - పి.ఎన్. రాజ్‌భోజ్. రెండోది మన కరీంనగర్ - ఎం.ఆర్. కృష్ణ. ఈ మాట చెప్తే తెలంగాణ విద్యార్థులే ఆశ్చర్యపోతుంటారు. అంబేద్కర్ పార్టీకి దేశంలో దొరికిన రెండు ఎంపీ సీట్లలో ఒకటి హైదరాబాద్ రాష్ట్రంలో దొరికిందని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు చెప్పవో!

ఈ రెండు చోట్లా జనరల్ స్థానంలో గెలిచిందెవరో చూడండి. షోలాపూర్‌లో రైతు కూలీ పార్టీ నాయకుడు శంకర్‌రావు మోరే. కరీంనగర్‌లో పి.డి.ఎఫ్. నాయకుడు బద్దం ఎల్లారెడ్డి. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్లు ఆ పేరుతో పోటీ చేశారు. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటాన్ని విరమించి నాలుగు నెలలైనా కాలేదు. దొర గడీ ముందు వెట్టి చేసిన మాల మాదిగలూ, అదే దొరకు నాగులు కట్టలేక చచ్చిన రైతులూ 'సంఘం'లో ఒక్కచోట కూర్చున్న అలవాటు ఇంకా ఆరిపోలేదు. అక్కడ రెండో ఓటు ఇటు వచ్చింది. బొంబాయిలో కమ్యూనిస్టులు ఎదురుగా ఉన్నారు, కరీంనగర్‌లో వాళ్ల జనమే పక్కన ఉన్నారు. నాయకుల సిద్ధాంతాల కంటే భూమి మీద జరిగిన పోరాటమే ఈ తేడా తెచ్చిందని మేం అనుకుంటున్నాం.

ఇక్కడే ఇంకో ముచ్చట. కజ్రోల్కర్ చాంభార్ కులస్తులు. మహార్ అయిన అంబేద్కర్ మీద కాంగ్రెస్ ఆయన్ని ఊరికే నిలబెట్టలేదు. షోలాపూర్‌లో గెలిచిన రాజ్‌భోజ్ కూడా చాంభారే. కాబట్టి చాంభార్లు ఫెడరేషన్‌కు రారు అని ఎవరైనా అంటే తప్పు. కాని పార్టీ నాయకత్వంలో మహార్లే నిండి ఉన్నారనే ఫిర్యాదు నిజమైందే, దాన్ని పార్టీ తీర్చలేదు. రాజ్‌భోజ్ తర్వాత కాంగ్రెస్‌లోకి పోయారు. మాల, మాదిగ పంచాయితీ చూసిన మనకు ఇది వేరే చెప్పాలా?

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది బౌద్ధం తీసుకున్నారు. డిసెంబర్ 6న అంబేద్కర్ పోయారు. అయినా 1957లో ఫెడరేషన్ ఆరు లోక్‌సభ స్థానాలు గెలిచింది. సంయుక్త మహారాష్ట్ర సమితిలో చేరడం వల్ల భాషా రాష్ట్రం ఊపులో మరాఠా రైతు ఓటు కూడా కలిసొచ్చింది. అదే ఏడు అక్టోబర్ 3న ఫెడరేషన్ రిపబ్లికన్ పార్టీగా మారింది. 1960 మే 1న మహారాష్ట్ర వచ్చేసింది. రాష్ట్రం వచ్చాక ఆ ఊపుతో పనేముంది? 1962లో మహారాష్ట్రలో రిపబ్లికన్ పార్టీకి లోక్‌సభ సీటు ఒక్కటీ రాలేదు, అసెంబ్లీలో మూడే.

సమితి చెదరడం ఒక్కటే కారణం అనుకోకూడదు. మధ్యలో రెండు పనులు జరిగాయి. మొదటిది జనాభా లెక్క. మహారాష్ట్ర ప్రాంతంలో 1951లో బౌద్ధులు రెండున్నర వేలు. 1961లో 27 లక్షల 89 వేలు. మనుషులు వాళ్లే, వాడలూ అవే. కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం బౌద్ధుడు షెడ్యూల్డు కులంవాడు కాదు. అంటే రిపబ్లికన్ పార్టీకి ప్రాణమైన జనం రిజర్వుడు స్థానంలో నామినేషన్ వెయ్యడానికే పనికిరాకుండా పోయారు. ఓటు వెయ్యొచ్చు, నిలబడకూడదు! పైగా రిజర్వుడు సీట్ల సంఖ్య షెడ్యూల్డు కులాల జనాభాను బట్టి ఉంటుంది గనక, లెక్కలో మనిషి తగ్గితే సీటూ తగ్గుతుంది. మహారాష్ట్ర ప్రభుత్వం బౌద్ధులకు చదువుల్లో, రాష్ట్ర ఉద్యోగాల్లో రాయితీలు ఇచ్చింది గాని చట్టసభ తలుపు తెరవడం దాని చేతిలో లేదు. ఆ తలుపు 1990లో తెరుచుకుంది. ముప్ఫై నాలుగేళ్లు! మన దగ్గర ఆదివారం చర్చికి పోయే మాల, మాదిగ కుటుంబాలు కాగితం మీద హిందువులుగా ఎందుకుంటాయో తెలిసినవాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లకైతే ఇప్పటికీ తెరుచుకోలేదు.

రెండోది 1961లో ద్విసభ్య నియోజకవర్గాల రద్దు. దీనికి ముందు మన పార్వతీపురంలో ఒక సంగతి జరిగింది. 1957లో ఆ ద్విసభ్య నియోజకవర్గంలో జనరల్ స్థానం తనదేననుకున్న వి.వి. గిరి ఓడిపోయారు. గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకు గిరి కంటే ఎక్కువ ఓట్లు రావడంతో జనరల్ స్థానం కూడా గిరిజనుడికే దక్కింది. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడికే జనరల్ స్థానం అని 1959లో కోర్టు తేల్చింది. రెండేళ్లు తిరక్కుండా పద్ధతే రద్దయింది. ఇంత పెద్ద నియోజకవర్గాల్లో ప్రచారం కష్టమని, పాలనకు ఇబ్బంది అని కారణాలు చెప్పారు. అవీ ఉన్నాయి. కాని పార్వతీపురం వాళ్లను ఉలిక్కిపడేలా చెయ్యలేదంటే మేం నమ్మం. ఆ తర్వాత రిజర్వుడు స్థానంలో అభ్యర్థి దళితుడే, గెలిపించేది మాత్రం దళితేతర మెజారిటీ. జతగాడితో బేరమాడటానికి చేతిలో ఉన్న రెండో ఓటు కూడా పోయింది.

అదే 1962లో రిపబ్లికన్ పార్టీ మూడు లోక్‌సభ స్థానాలు గెలిచింది - మూడూ ఉత్తరప్రదేశ్‌లోనే. అలీగఢ్ జనరల్ స్థానంలో బి.పి. మౌర్య గెలిచారు. 1961 అక్టోబర్‌లో అక్కడ మతకల్లోలాలు జరిగాయి, ఆ తర్వాత ముస్లింలు జాటవులతో కలిసి నడిచారు. మురాదాబాద్‌లో ఆ పార్టీ తరఫున ముజఫర్ హుస్సేన్ గెలిచారు. పక్కన నిలబడేవాడు దొరికితే, ఒకే ఓటున్నా, జనరల్ సీటైనా గెలవొచ్చని అలీగఢ్ చూపించింది. ఆ దారిని పార్టీ గట్టిగా పట్టుకోలేదు. 1964 డిసెంబర్‌లో దాదాసాహెబ్ గైక్వాడ్ నడిపిన భూమి సత్యాగ్రహంలో లక్షల మంది జైళ్లకు పోయారు. కరీంనగర్‌లో కుదిరిన జత మళ్లీ కుదరడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది? కాని 1967 నాటికి గైక్వాడ్ వర్గం కాంగ్రెస్‌తో పొత్తుకు వెళ్లింది, వ్యతిరేకించిన వర్గం విడిగా నడిచింది. నియోజకవర్గం గీత మనం గీసింది కాదు, ఈ చీలిక మాత్రం మనవాళ్లు చేసుకున్నదే. 1998లో రిపబ్లికన్ వర్గాలు కలిసి కాంగ్రెస్ కూటమితో పొత్తు పెట్టుకుంటే మహారాష్ట్రలో నలుగురు గెలిచారు - ప్రకాశ్ అంబేద్కర్, అఠావలే, గవాయి, కవాడే. నలుగురివీ జనరల్ స్థానాలే. ఆ కలయిక ఎక్కువ కాలం నిలవలేదు.

కరీంనగర్ ఏమైందంటారా? 1957లో ఎం.ఆర్. కృష్ణ అక్కడ మళ్లీ గెలిచారు, కాంగ్రెస్ అభ్యర్థిగా. 1962లో పెద్దపల్లి నుంచి కూడా అదే పార్టీ మీద గెలిచారు. ఏనుగు గుర్తు తర్వాత బహుజన సమాజ్ పార్టీకి వచ్చింది. 1993లో ఉత్తరప్రదేశ్‌లో 67 సీట్లు గెలిచిన ఉత్సాహంతో ఆ పార్టీ 1994లో ఆంధ్రప్రదేశ్‌లో దిగితే ఒక్కటీ రాలేదు. 2014లో తెలంగాణలో ఏనుగు రెండు చోట్ల గెలిచింది - సిర్పూర్, నిర్మల్. గెలిచిన కోనేరు కోనప్ప, ఇంద్రకరణ్‌రెడ్డి ఇద్దరూ దళితులు కారు. కొద్ది కాలానికే ఇద్దరూ టి.ఆర్.ఎస్.లో చేరారు.