పరరాజ్యమున చిక్కిన పల్లెలు

పొలిమేర తగవులు మనకు క్రొత్తవి గావు. ఊరి పెద్దలు కూర్చుండి, కరణము లెక్కలు చూచి, హద్దురాయి పాతించినచో అవి తీరును. కాని యొక గ్రామమునకు గ్రామమే పొరుగు రాజ్యము నడుమ చిక్కుకొన్నచో దానిని తీర్చువా రెవరు? అట్టి గ్రామముల చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

ఇది ఉత్తర వంగదేశమున, కూచ్ బిహార్, రంగపురము సీమల సరిహద్దున జరిగినది. అచ్చట భారతదేశమునకు చెందిన 111 భూఖండములు బంగ్లాదేశములోను, బంగ్లాదేశమునకు చెందిన 51 ఖండములు భారతదేశములోను ద్వీపములవలె ఉండెడివి. వీనిని ఛిట్‌మహళ్లనిరి. ఛిట్ అనగా తునుక. వీనిలో దహలా ఖాగ్రాబాడీ మిక్కిలి వింతయైనది. రెండెకరములైన లేని ఆ మడిచెక్క భారతదేశపుది. దాని చుట్టును బంగ్లాదేశపు గ్రామము. ఆ గ్రామము చుట్టును మరల భారతభూమి. దానికి వెలుపల బంగ్లాదేశము.

కూచ్ బిహార్ రాజును, రంగపురపు ఫౌజుదారును చదరంగమాడి పల్లెలను పందెమొడ్డిరని జనులు చెప్పుకొందురు. పరిశోధకులు పాత పత్రములను చూచి వేరుగా చెప్పుచున్నారు. 1713 ప్రాంతమున మొగలాయీలకును కూచ్ బిహార్‌కును సంధి కుదిరినపుడు, ఎవరి చేతనున్న భూములు వారికే నిలిచినవట. నాడు దానివలన బాధ లేదు. శిస్తు ఎవరికి కట్టినను రైతు సంతకు పోవుట కడ్డు లేకుండెను.

1947లో దేశవిభజన జరిగి, 1949లో కూచ్ బిహార్ సంస్థానము భారతదేశమున చేరగా, శిస్తుగట్టే రాజ్యపు సరిహద్దాయెను. 1952లో పాస్‌పోర్టు, వీసా నియమములు వచ్చెను. వీసాకొరకు పట్టణము చేరవలెనన్నను ముందుగా పరదేశమును దాటవలెను, దాటుటయే నేరము! బడి లేదు, ఆసుపత్రి లేదు, దొంగతనము జరిగిన ఫిర్యాదు వినువాడు లేడు. బిడ్డను బడిలో చేర్చుటకై పరుని పేరు తండ్రి పేరుగా వ్రాయించినవారు కలరు. ఇంతకు మించిన దైన్యము నాకు తోచదు.

పరిష్కారము తెలియక జాగు కాలేదు. 1958లో నెహ్రూగారును ఫిరోజ్ ఖాన్ నూన్‌గారును, 1974లో ఇందిరాగాంధీగారును ముజిబుర్ రహ్మాన్‌గారును ఒడంబడికలు చేసికొనిరి. భూమి నిచ్చుటకు రాజ్యాంగమును సవరింపవలసియుండెను. 1974 నాటి ఒడంబడికకు వలసిన సవరణ 2015 వరకు కాలేదు.

పనిని ముందుకు నడపినది 2011లో ఉభయ ప్రభుత్వములు కలిసి చేసిన జనగణన యని నా అభిప్రాయము. ఏ లెక్కలోను లేని 51,549 మంది అప్పుడు లెక్కకు వచ్చిరి. 2015 జూలై 31వ తేది అర్ధరాత్రమున ఖండముల మార్పిడి జరిగెను. మనము 17,160 ఎకరములిచ్చి 7,110 ఎకరములు పుచ్చుకొంటిమి. కాగితముమీద ఇది నష్టమే. కాని కాలు మోపలేని భూమి యెవరికి స్వము?

ఏ దేశపు పౌరులుగా నుండగోరుదురో చెప్పుడని వారినే యడిగిరి. బంగ్లాదేశములోనివారిలో వేయిమందికి లోపుగా భారతదేశమునకు తరలివచ్చి, కొన్నేండ్లు తాత్కాలిక శిబిరములలో కష్టపడిరి. తక్కినవారు దున్నిన నేలను, పూర్వుల సమాధులను విడువజాలక నిలిచిపోయిరి. ఈవలనున్న వారును కదలక భారతపౌరులైరి.

కొలగొలుసు అరువది యేండ్లకు పైగా తేల్చజాలని తగవు, మనుష్యులను లెక్కించి వారి మాట వినినంతట తేలిపోయెను. పొలిమేర తగవు తీర్చు పెద్దలు రాయి యెచ్చట పాతవలెనని యోచించుటకు ముందు, దాని కిరుప్రక్కల కాపురమున్నవా రెవరని విచారించుట మేలు.