నెట్‌వర్క్ రద్దీ నియంత్రణలో అమరికల సరళీకరణ: ‘రెడ్’ నుండి ‘కోడెల్’ వరకు

1. ఉపోద్ఘాతం

పంపే వేగాన్ని అందుకొనే కంప్యూటరు శక్తికి సరిపెట్టడం ప్రవాహ నియంత్రణ. మధ్య దారి శక్తికి సరిపెట్టడం రద్దీ నియంత్రణ. ఇందులో ఒక పద్ధతిని కనుగొనడం ఒక ఎత్తు, దానిని నెట్‌వర్క్ నిర్వాహకుడు సులువుగా అమర్చుకోగలగడం మరొక ఎత్తు. రౌటర్లలో ప్యాకెట్ల వరుసను అదుపు చేసే పద్ధతుల చరిత్ర ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

2. నేపథ్యం

1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, సుమారు 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బర్క్‌లీ ప్రాంగణానికీ మధ్య సమాచార వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. దీనిని అధ్యయనం చేసిన వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారాల ఫలితంగా, పంపే కంప్యూటర్లు రద్దీని గుర్తించి వేగం తగ్గించుకోగలిగాయి. అయితే ప్యాకెట్ పోయినప్పుడే వాటికి రద్దీ సంగతి తెలిసేది. అప్పటికే రౌటరులోని వరుస నిండిపోయి ఉండేది.

3. ‘రెడ్’ పద్ధతి - అమరికల చిక్కు

శాలీ ఫ్లాయిడ్, జేకబ్సన్ 1993లో ‘ర్యాండమ్ ఎర్లీ డిటెక్షన్’ పద్ధతిని ప్రతిపాదించారు. దీనికే ‘రెడ్’ అని పేరు. వరుస సగటు పొడవు పెరిగేకొద్దీ కొన్ని ప్యాకెట్లను ముందే తొలగించి, పంపేవారిని హెచ్చరించడం దీని సూత్రం. ఇందుకు కనిష్ఠ హద్దు, గరిష్ఠ హద్దు, తొలగింపు గరిష్ఠ సంభావ్యత, సగటు గణనలోని భారం అనే విలువలను నిర్ణయించాలి. అవి లింకు వేగాన్ని, ప్రవాహాల సంఖ్యను బట్టి మారతాయి. ఉదయం సరిపోయిన విలువ సాయంత్రానికి సరిపోకపోవచ్చు. 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2309 పత్రం సిఫారసు చేసినా ‘రెడ్’ విస్తృతంగా అమలు కాకపోవడానికి ఈ చిక్కు ఒక ముఖ్య కారణం. సంభావ్యతను తనంతట తానే సర్దుకొనే ‘అడాప్టివ్ రెడ్’ 2001లో వచ్చింది. అందులోనూ కొలమానం వరుస పొడవే. ఈలోగా మెమరీ చౌకై, పరికరాల్లో వరుసలు పెరిగి, ప్యాకెట్లు అవసరానికి మించి నిరీక్షించసాగాయి.

4. ‘కోడెల్’ - కొలమానంలో మార్పు

టికెట్ కౌంటరు ముందు ఇరవై మంది ఉన్నారన్నంత మాత్రాన ఎంతసేపు నిలబడాలో తెలియదు. అది కౌంటరు వేగాన్ని బట్టి ఉంటుంది. కాథ్లీన్ నికోల్స్, జేకబ్సన్ 2012లో వెలువరించిన ‘కోడెల్’ అందుకే వరుస పొడవును వదిలి, ప్యాకెట్ నిరీక్షించిన కాలాన్ని కొలుస్తుంది. 100 మిల్లీసెకన్ల వ్యవధి అంతటా కనిష్ఠ నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు మించి ఉంటేనే ప్యాకెట్లను తొలగించడం మొదలవుతుంది. కాలం అన్ని లింకులకూ ఉమ్మడి కొలత. అందువల్ల సాధారణ ఇంటర్నెట్ లింకులకు నిర్వాహకుడు ప్రత్యేకంగా విలువలు ఇవ్వనవసరం లేదు. అదే ఏడాది ఇది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఆర్‌ఎఫ్‌సీ 2309 స్థానంలో 2015లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7567, ఇటువంటి పద్ధతులకు నిర్వాహకుల సర్దుబాటు అవసరం ఉండరాదని సూచించింది.

5. ముగింపు

‘కోడెల్’లోనూ అమరికలు పూర్తిగా మాయం కాలేదు. డేటా సెంటర్ల వంటి చోట్ల, మరీ నెమ్మదైన లింకులపై ఆ రెండు విలువలనూ మార్చవలసి వస్తుంది. అయినా నిర్ణయభారం ప్రతి నిర్వాహకుడి నుండి పద్ధతి రూపకర్తకు మారింది. సరైన విలువలు ఎంచుకొనే మార్గాలను మెరుగుపరచడం కన్నా, దేనిని కొలవాలన్న ప్రశ్నను తిరిగి వేయడమే ఇక్కడ అసలు సరళీకరణకు దారితీసింది. వాడుకలోకి రాని పరిష్కారాన్ని నిర్వాహకుల అలసత్వంగా కాక, రూపకల్పనలోని లోపంగా చూడాలన్నది ఈ చరిత్ర నేర్పే పాఠం.