జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కు ఫస్ట్ టైమ్ వెళ్తున్నారా..? మొదటి రోజు సాయంత్రం 5 గంటల్లోపే టెంట్ పడాలి.. ఎందుకంటే!

జీరో అంటే సున్నా కాదు.. అరుణాచల్ ప్రదేశ్‌లోని ఓ లోయ పేరు. సముద్ర మట్టానికి 1,500 మీటర్లకు పైగా ఎత్తులో, చుట్టూ పైన్ చెట్ల కొండలు, మధ్యలో వరి మళ్లు. ఏటా సెప్టెంబర్ నెలాఖరులో ఇక్కడ 4 రోజుల పాటు జీరో ఫెస్టివల్ ఆఫ్ మ్యూజిక్ జరుగుతుంది. బాబీ హానో, అనూప్ కుట్టి 2012లో దీన్ని మొదలుపెట్టారు. పగలు ఓ స్టేజీ, రాత్రి ఓ స్టేజీ.. రెండూ స్థానిక అపతానీ తెగ వాళ్లు వెదురుతో కట్టినవే. చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది పొలాల పక్కనే టెంట్లలో పడుకుంటారు.

హైదరాబాద్, వైజాగ్, బెంగళూరు నుంచి రీల్స్ చూసి బయల్దేరే కుర్రకారు ఎక్కువగా ఆలోచించేది ఏ బ్యాండ్ ఎప్పుడు వాయిస్తుందనే. నిజానికి ఈ ట్రిప్ బాగుంటుందా, పాడవుతుందా అన్నది ఫస్ట్ డేనే తేలిపోతుంది. చెక్‌గేట్ దాటడం, వెలుతురు ఉండగానే చేరడం, టెంట్ లోపల తడి లేకుండా పడుకోవడం. ఈ మూడూ కుదిరితే మిగతావన్నీ ఎలాగోలా సర్దుకుంటాయి.

పర్మిట్ లేకుంటే గేటు దగ్గరే ఆగిపోతారు!

అరుణాచల్‌లోకి వెళ్లాలంటే మన దేశ పౌరులైనా సరే ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే ఐఎల్‌పీ తీసుకోవాల్సిందే. 1873లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్ నుంచి వచ్చిన రూల్ ఇది, ఇప్పటికీ అమల్లో ఉంది. ఫెస్టివల్ టికెట్ చూపిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. టికెట్ వేరు, పర్మిట్ వేరు. అరుణాచల్ ప్రభుత్వ ఈ-ఐఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఫొటో, గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేసి ముందుగానే తీసుకోవచ్చు. అస్సాం సరిహద్దులోని బందర్‌దేవా చెక్‌గేట్, నాహర్లగున్ రైల్వే స్టేషన్ లాంటి చోట్ల దీన్ని చూస్తారు. ఫోన్‌లో పీడీఎఫ్ ఉన్నా, రెండు ప్రింట్లు తీసి జేబులో పెట్టుకోవడం మేలు. అక్కడ సిగ్నల్ ఎప్పుడు పోతుందో చెప్పలేం.

అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్న తెలుగువాళ్ల సంగతి ఇంకాస్త జాగ్రత్త. ఓసీఐ కార్డు ఉన్నా ఐఎల్‌పీ పనిచేయదు. విదేశీయులకు ఇచ్చే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ తీసుకోవాలి. అన్నదమ్ముల పిల్లలంతా కలిసి వెళ్తుంటే ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక పర్మిట్, అమెరికా నుంచి వచ్చినవాళ్లకు మరోటి అన్నమాట.

దారి ఎంత.. టైమ్ ఎంత?

హైదరాబాద్ నుంచి గువాహటికి డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి. రైల్లో వెళ్లాలనుకుంటే కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, విశాఖ మీదుగా గువాహటి వెళ్తుంది. దాదాపు రెండు రోజుల ప్రయాణం. గువాహటి నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి నాహర్లగున్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి జీరోకు సుమారు 100 కిలోమీటర్లు.

వంద కిలోమీటర్లే కదా, రెండు గంటల్లో వెళ్లిపోతాం అనుకుంటే పొరపాటే. అంతా కొండ దారి, మలుపులు. బాగుంటే నాలుగు గంటలు. వాన పడి ఎక్కడైనా కొండచరియ జారితే, జేసీబీ వచ్చి మట్టి తీసేదాకా కూర్చోవాల్సిందే. ఈ రూట్‌లో నడిచేవి ఎక్కువగా షేర్ సుమోలు. సీటుకింత అని తీసుకుంటారు, పొద్దున్నే బయల్దేరతాయి. మలుపులకు కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు అడగడమో, ఎక్కే ముందే మాత్ర వేసుకోవడమో చేయాలి. ఇడ్లీనో పూరీనో పొట్ట నిండా పట్టించి ఎక్కితే అంతే సంగతులు.

ఇటానగర్ దగ్గర హోలోంగిలో దోనీ పోలో ఎయిర్‌పోర్టు 2022 నవంబర్‌లో మొదలయ్యాక ఫ్లైట్‌లో వచ్చేవాళ్లూ పెరిగారు. అయితే ఇక్కడే ఓ చిక్కుంది. మధ్యాహ్నం దిగి వెంటనే కారెక్కితే లోయకు చేరేసరికి చీకటి పడుతుంది. అలాంటివాళ్లు ఆ రాత్రి ఇటానగర్‌లోనే ఉండి మర్నాడు పొద్దున్నే బయల్దేరడం బెటర్.

5 గంటలకే చీకటి

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఎవరూ చెప్పని విషయం ఇదే. దేశమంతా ఒకటే టైమ్ కాబట్టి మనకు తట్టదు. జీరో మనకు బాగా తూర్పున ఉంది. సెప్టెంబర్ చివర్లో హైదరాబాద్‌లో సాయంత్రం 6 దాటాక సూర్యుడు అస్తమిస్తే, జీరోలో 5 దాటి కాసేపటికే అస్తమిస్తాడు. కొండల మధ్య కాబట్టి ఎండ అంతకంటే ముందే పోతుంది. తెల్లారడం కూడా 5 గంటలకే.

అంటే 4 గంటలకు తీరిగ్గా గేటు దగ్గరికి వచ్చి, క్యూలో నిలబడి, చేతికి బ్యాండ్ వేయించుకుని, టీ తాగి టెంట్ సంగతి చూద్దాం అనుకునేవాళ్లు ఫోన్ టార్చ్ వెలుగులో మేకులు వెతుక్కోవాల్సి వస్తుంది. వాన కూడా తోడైతే చెప్పక్కర్లేదు. తలకు పెట్టుకునే టార్చ్ ఒకటి కొనుక్కుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. రాత్రి టాయ్‌లెట్‌కు వెళ్లేటప్పుడూ అదే దిక్కు.

క్యాంపింగ్‌కు సాధారణంగా ఫెస్టివల్ టికెట్ కాకుండా విడిగా డబ్బు కట్టాలి. టెంట్, పరుపు, స్లీపింగ్ బ్యాగ్ అద్దెకిచ్చే క్యాంపులు ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు అదే సుఖం. కాకపోతే చేరగానే టెంట్ చుట్టూ ఓసారి తిరిగి చూసుకోవాలి. జిప్ పడుతోందా, పైకప్పు గుడ్డ ఎక్కడైనా చిరిగిందా, నేల పల్లంగా ఉందా? పగలైతే మార్చమని అడగొచ్చు. రాత్రి 10 గంటలకు అడిగితే అప్పటికి మంచి టెంట్లన్నీ నిండిపోయి ఉంటాయి.

సొంత టెంట్ తెచ్చుకునేవాళ్లు చదునుగా కనిపించిన చోటల్లా వేసేయకూడదు. వాన నీళ్లు ఎటు పారతాయో చూసి, కాస్త మెరక మీద వేయాలి. కింద పరిచే ప్లాస్టిక్ షీట్ టెంట్ అంచుల కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి. చాలామంది పెద్దది ఉంటే మంచిదని బయటకు వచ్చేలా పరుస్తారు. అప్పుడు పైనుంచి జారిన వాన ఆ షీట్ మీదే పడి సరాసరి టెంట్ కిందకు వెళ్తుంది. మర్నాడు లేచేసరికి పరుపు నీళ్లలో ఉంటుంది.

దమ్ము చేసిన మడిలా నేల

సెప్టెంబర్ చివర అంటే అక్కడ ఇంకా వానలు పూర్తిగా పోని రోజులు. వేల మంది తొక్కిన నేల రెండో రోజుకల్లా దమ్ము చేసిన మడిలా తయారవుతుంది. తెల్ల స్నీకర్లు ఫొటో వరకే. గంబూట్లు ఉండాల్సిందే. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు మన ఊళ్లో ఎరువుల షాపుల్లోనూ దొరుకుతాయి. బ్యాగులో చోటు లేకుంటే జీరో టౌన్ హాపోలీ బజార్లో కొనుక్కోవచ్చు, కానీ సైజు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

గొడుగు కంటే రెయిన్‌కోట్ నయం. గుంపులో గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు స్టేజీ కనిపించదు. జీన్స్ ఒకసారి తడిస్తే ఆ చలిలో రెండు రోజులకూ ఆరవు. పల్చటి, త్వరగా ఆరే ప్యాంట్లు తెచ్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం.. ఒక జత పొడి బట్టలు, ఒక జత సాక్సులు పాలిథిన్ కవర్లో చుట్టి, పడుకునేటప్పుడు తప్ప బయటకు తీయకూడదు. ఎంత తడిసి వచ్చినా రాత్రికి అవే కాపాడతాయి.

చలిని తేలిగ్గా తీసుకోవద్దు

రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తుంది. 15 డిగ్రీలు ఏమంత చలి, ఆదిలాబాద్, అరకు చలి చూశాం కదా అనిపిస్తుంది. కానీ పొడిగా, ఇంట్లో దుప్పటి కింద ఉన్న 15 వేరు. తడి బట్టలతో, గాలిలో, నాలుగు గంటలు నిలబడిన 15 వేరు. ఒళ్లు చల్లబడిపోయి ప్రాణం మీదకు రావడానికి మంచే కురవక్కర్లేదు.

దీనికి మందు తోడైతే ఇంకా ప్రమాదం. అపతానీలు ఇంట్లో బియ్యంతో కాచే బీరును ‘ఓ’ అంటారు. రుచి చూడనివాళ్లు తక్కువ. తాగగానే వెచ్చగా అనిపిస్తుంది కానీ, మద్యం వల్ల రక్తం చర్మం వైపు ఎక్కువగా పారి ఒంట్లో వేడి బయటకు పోతుంది. స్నేహితుల్లో ఎవరైనా ఆగకుండా వణుకుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోతున్నా ‘ఎక్కింది, పడుకోనివ్వండి’ అని వదిలేయకూడదు. తడి బట్టలు మార్చి, దుప్పట్లు చుట్టి, మెడికల్ టెంట్‌కు తీసుకెళ్లాలి. వణుకు ఆగిపోయి మత్తుగా జోగుతుంటే తగ్గిందని కాదు, ముదిరిందని అర్థం. జీరోలో జిల్లా ఆసుపత్రి ఉంది. ఎమర్జెన్సీ నంబర్ 112.

ఇంకోటి.. చలేస్తోందని టెంట్ లోపల బొగ్గుల కుంపటి, గ్యాస్ స్టవ్ అస్సలు పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. స్టవ్ కోసం గ్యాస్ డబ్బాలు తీసుకెళ్దామన్నా విమానంలోకి వాటిని రానివ్వరు. పవర్ బ్యాంకులు మాత్రం చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి.

డబ్బు, తిండి, సిగ్నల్

యూపీఐ ఉందిగా అన్న ధీమా పనికిరాదు. ఒకేచోట అంతమంది చేరితే నెట్‌వర్క్ చేతులెత్తేస్తుంది. ఏటీఎంలు హాపోలీలో ఉన్నా క్యూలు తప్పవు. సరిపడా క్యాష్, అందులోనూ వంద, యాభై నోట్లు గువాహటిలోనే తీసి పెట్టుకోవాలి. గ్యాంగ్‌తో వెళ్లేవాళ్లు ఫోన్లు కలవకపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక చోటు అనుకోవాలి. ‘స్టేజీ దగ్గర’ అంటే కుదరదు. ఫలానా స్టాల్ పక్కన, ఫలానా టైమ్‌కు అని ఉండాలి.

తిండికి లోటుండదు. పంది మాంసం, వెదురు చిగుళ్లు, పొగబెట్టిన మాంసం అక్కడి స్పెషల్. నూనె, కారం మన లెక్కలో ఉండవు. శాకాహారులకు అన్నం, నూడుల్స్ లాంటివి దొరుకుతాయి. కాకపోతే ఒక గోంగూర పచ్చడి సీసా, కొంచెం కారప్పొడి వెంట ఉంటే నాలుగో రోజు కూడా నవ్వు మొహంతో ఉండొచ్చు.

గట్ల మీద జాగ్రత్త

షార్ట్‌కట్ అని వరి మడిలోకి దిగేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. అపతానీ రైతులు ఒకే మడిలో వరి, చేపలు కలిపి పెంచుతారు. గట్ల మీద కూడా రాగులు వేస్తారు, మన తైదలే. అంటే గట్టు కూడా పొలమే. అది తెగితే నీళ్లు పోతాయి, నీళ్లతో చేపలూ పోతాయి. ఈ సాగు పద్ధతి వల్లే అపతానీ లోయ 2014లో యునెస్కో వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేరింది.

ఊళ్లోకి వెళ్తే ముఖం మీద పచ్చబొట్టు, ముక్కుకు రెండు వైపులా పెద్ద నల్లటి బిళ్లలతో పెద్ద వయసు ఆడవాళ్లు కనిపిస్తారు. 1970ల తర్వాత ఈ ఆచారం ఆగిపోయింది కాబట్టి ఇప్పుడున్నవాళ్లే చివరి తరం. అడగకుండా మొహం మీద కెమెరా పెట్టడం ఏ ఊళ్లో అయినా తప్పే. నవ్వుతూ అడిగితే కొందరు ఒప్పుకుంటారు, కొందరు చేయి ఊపేస్తారు.

మ్యూజిక్ సంగతికొస్తే ఇక్కడ డీజే, సినిమా పాటలు ఆశించొద్దు. ఈశాన్య రాష్ట్రాల జానపదం, దేశంలోని ఇండీ బ్యాండ్లు, అప్పుడప్పుడు విదేశీ కళాకారులు. సోనిక్ యూత్ బ్యాండ్‌లో వాయించిన లీ రానాల్డో, స్టీవ్ షెల్లీ లాంటివాళ్లు కూడా ఇక్కడ ప్రోగ్రామ్ ఇచ్చారు. పేరు తెలియని బ్యాండే ఎక్కువ నచ్చిందని చెప్పేవాళ్లు చాలామంది.

తిరుగు ప్రయాణం విషయంలో ఒక్క మాట. చివరి రోజు అర్ధరాత్రి దాకా పాటలు విన్న వాళ్లంతా మర్నాడు పొద్దున్నే ఒకేసారి సుమోల కోసం ఎగబడతారు. జీరోలో దిగిన రోజే తిరుగు సీటు మాట్లాడుకోవాలి. గువాహటి నుంచి ఫ్లైట్ ఉంటే కొండచరియల లెక్కలో మధ్యలో ఒక రోజు ఖాళీగా వదిలి బుక్ చేసుకోవాలి.