పట్టు నుంచి నిషేధం వరకు: జూడోలో ‘మొరోతే గారి’ చరిత్ర

విశాఖపట్నంలోని కంచరపాలెం వంటి శ్రామికవాడల్లో గాని, కోస్తా పల్లెల్లో గాని చెడుగుడు ఎరిగినవారికి ప్రత్యర్థి కాలు పట్టి ఆపడం కొత్త సంగతి కాదు. కూతకు వచ్చిన ఆటగాడి చీలమండను ఒడిసిపట్టడం ఆ ఆటలో నియమసమ్మతమైన నేర్పు. జపాన్ యుద్ధవిద్యల నుంచి రూపొందిన జూడోలో దీనికి చేరువైన పట్టు ‘మొరోతే గారి’. రెండు చేతులతో కోయడమని ఆ పేరుకు అర్థం. ఒంగి ప్రత్యర్థి కాళ్లను మోకాళ్ల వెనుక నుంచి పట్టి తనవైపు లాగుతూ, భుజంతో అతని దేహాన్ని నెట్టి వెల్లకిలా పడవేయడం దీని విధానం. 1982లో అధికారిక గుర్తింపు పొందిన ఈ పట్టుపై 2010లోనే పోటీల్లో ఆంక్ష పడింది. ఇందుకు కారణం పట్టులోని లోపం కాదు. జూడో స్వరూపాన్ని గురించిన అవగాహన మారడమే.

జూడో నిర్మాత జిగోరో కనో 1882లో టోక్యోలో కొడోకాన్‌ను స్థాపించాడు. అంతకుముందు జుజుత్సు విద్యార్థిగా ఉన్నప్పుడు, తనకంటే బలిష్ఠుడైన సహాధ్యాయిని ఓడించడానికి పాశ్చాత్య కుస్తీ గ్రంథాన్ని పరిశీలించి ఒక పట్టును సాధన చేసినట్లు ఆయనే చెప్పుకున్నాడు. ప్రత్యర్థి తొడను ఒక చేతితో చుట్టి, భుజాలపైకెత్తి పడవేసే ఆ పట్టే ‘కతా గురుమ’. కొడోకాన్ ‘నాగే నో కతా’ ప్రదర్శనలో దానికి నేటికీ స్థానముంది. అంటే కుస్తీ నుంచి స్వీకరించడం జూడోకు తొలినాళ్ల నుంచీ ఉన్న లక్షణమే.

1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో తొలిసారి చోటుచేసుకుంది. సాంబో నేపథ్యం గల సోవియట్ క్రీడాకారులు అక్కడ నాలుగు కాంస్యాలు గెలిచారు. అంతర్జాతీయ రంగంలో కాళ్ల పట్లు క్రమంగా ప్రాబల్యం పొందాయి. 1982లో, తన శతాబ్ది సందర్భంలో, కొడోకాన్ కొత్తగా గుర్తించిన 17 పట్లలో మొరోతే గారితో పాటు కుచికి తవోషి, కిబిసు గాయేషి కూడా ఉన్నాయి. ఈ మూడూ చేతులతో కాలిని పట్టేవే.

తరువాతి పరిణామం దీనికి భిన్నం. నడుం పట్టీకి దిగువన చేతులతో నేరుగా దాడి చేయడాన్ని అంతర్జాతీయ జూడో సమాఖ్య 2010లో అనర్హతకు గురిచేసింది. కొన్ని సందర్భాలకు అప్పుడు మినహాయింపు ఇచ్చినా, 2013లో నిలబడి పోరాడే దశలో కాళ్లను పట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ఒంగి పోరాడే ధోరణిని తగ్గించి, నిటారైన భంగిమను కాపాడి, కుస్తీ నుంచి జూడోను వేరుచేసి చూపడమే ఈ మార్పుల ఉద్దేశం.

ఈ వేర్పాటు సంప్రదాయ పరిరక్షణగా కనిపించవచ్చు. కాని నిర్మాత స్వయంగా కుస్తీ నుంచి స్వీకరించిన పట్టు కూడా, దాని మూలరూపంలో, పోటీలకు దూరమైంది. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానంపై 1929లో శాంతినికేతన్‌కు వచ్చిన షింజో తకగాకి భారతీయులకు జూడో నేర్పిన కాలంలో ఇటువంటి నిషేధం లేదు. నేటి తెలుగు విద్యార్థికి మొరోతే గారి పట్ల జాబితాలో పేరుగా దొరుకుతుంది. పోటీ బరిలో మాత్రం దొరకదు. బరిలో సాధన ఆగిన పట్టును గురుశిష్య పరంపర ఎంతకాలం నిలుపుకోగలదన్నది క్రీడాచరిత్రకారులు పట్టించుకోవలసిన ప్రశ్న. ఒక విద్యలో ఏది సంప్రదాయమో దాని పుట్టుక ఒక్కటే నిర్ణయించదు. ఆయా కాలాల నియమావళి కూడా నిర్ణయిస్తుందని ఈ పట్టు చరిత్ర నిరూపిస్తున్నది.