పెనిసిలిన్ పడనివారి కథ

మన టాటానగరమున ఆసుపత్రికేగినవారిని సూదిమందిచ్చుటకు ముందు వైద్యులడుగు ప్రశ్న యొకటి కలదు: “మీకే మందైనను పడదా?” ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద చరిత్ర యున్నది. అందు మన తెలుగువానికిని భాగము కలదు.

1928లో లండను నగరమున ఫ్లెమింగు పండితుడు బూజునందు పెనిసిలిన్‌ను కనుగొనెను. ఫ్లోరీ, చెయిన్ ప్రభృతులు దానిని మందుగా రూపొందించి 1941లో ఆక్స్‌ఫర్డునందు రోగులకిచ్చి చూచిరి. రెండవ ప్రపంచసంగ్రామమున అది అసంఖ్యాకులను బ్రదికించెను. కాని అమృతమువంటి ఆ మందే కొందరికి విషమయ్యెను. శరీరమందలి రక్షణశక్తి మందునే శత్రువని భ్రమించి తిరుగబడగా దద్దురులు, ముఖమున వాపు, ఊపిరాడకుండుట సంభవించెను. ఇట్టి మరణమొకటి 1949లో అమెరికా వైద్యపత్రికయందు ప్రకటితమయ్యెను. అట్టివారికి గతి యేమి?

సమాధానము మట్టిలో దొరికెను. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాకేగి, 1940లో లెడర్లీ సంస్థయందు చేరి, అచటి పరిశోధనలకు అధిపతియైరి. సంగ్రహణి వ్యాధికి సోదరులను కోల్పోయిన యాయనకు మందుల అన్వేషణము జీవితవ్రతమయ్యెను. ఆయన నాయకత్వమున, విశ్వవిద్యాలయమునందు ఉద్యోగవిరమణ చేసి వచ్చిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు పలుచోట్ల మట్టిని తెప్పించి శోధించెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో పసిడివన్నె సూక్ష్మజీవి యొకటి కానవచ్చెను. దానినుండి లభించిన ఆరియోమైసిన్ 1948 జూలైలో లోకమునకు వెల్లడియయ్యెను. మరునెలలోనే సుబ్బారావుగారు దివంగతులైరి.

ఈ మందు పెనిసిలిన్ వంశమునకు చెందినది కాదు. కావున పెనిసిలిన్ పడనివారికిని దీనిని ఈయగలిగిరి. 1952లో ఫిలిప్పైన్స్ మట్టినుండి ఎరిత్రోమైసిన్ వచ్చెను. నేటి డాక్సీసైక్లిన్ మొదటిదాని వంశమునకు చెందినది. అజిత్రోమైసిన్ రెండవదాని సంతతి. సెఫలోస్పోరిన్లు మాత్రము పెనిసిలిన్‌కు దాయాదులు. వానిలో కొన్ని కొందరికి పడకపోవచ్చును. ఏ రోగమునకేది తగునో నిర్ణయింపవలసినది వైద్యుడే. పసిబిడ్డలకు, గర్భిణులకు డాక్సీసైక్లిన్ సామాన్యముగా ఈయరు.

మరియొక విశేషము. పెనిసిలిన్ పడదని చెప్పుకొనువారిని పరీక్షింపగా, పదిమందిలో ఇంచుమించు తొమ్మండ్రకు అది నిక్షేపముగా పడుచున్నదని నేటి వైద్యులు తెలుసుకొనిరి. బాల్యమున జ్వరముతో వచ్చిన పొక్కులను మందు దోషమని తలచుట యొక కారణము. ఏండ్లు గడువగా ఆ గుణము తగ్గుట మరొకటి. అట్టివారు మేలైన మందును వృథాగా దూరము చేసికొనుచున్నారు. అయినను ఇంట పరీక్షించుట ప్రాణాపాయము, ఆసుపత్రియందే చేయింపవలెను.

మనవంటి ఉద్యోగులకు ఖరగపూరునుండి టాటానగరమునకు, అచటినుండి చక్రధరపురమునకు బదిలీలు తప్పవు. ఊరు మారును, వైద్యుడు మారును, భాషయు మారును. “ఎఱ్ఱబిళ్ళ పడలేదు” అనినచో క్రొత్త వైద్యునికేమి తెలియును? మందు పేరు, వాడిన సంవత్సరము, వచ్చిన బాధ, అది ఎంతసేపటికి వచ్చినది—ఈ నాలుగింటిని ఒక కాగితముపై వ్రాసి ఇంటిల్లిపాదికిని తెలియుచోట నుంచుడు. సుబ్బారావుగారి తరమువారు వేఱు మందులను వెదకి యిచ్చిరి; వానిలో తగినదానిని ఎన్నుకొనుటకు వైద్యునకు తోడ్పడునది ఆ కాగితమే.